సలోమి చుట్టిన తీగ

2071 ఆగస్టు పదకొండు దేవదానానికి బాగా గుర్తు. పెసరట్టు తింటుండగా తనిఖీ అమ్మాయి వచ్చింది. భాగాలన్నీ అసలువేనన్న ముద్ర లేని పాత ఎలక్ట్రిక్ గిటార్ ఇంట్లో ఉంచుకోవడం అప్పటికే నేరం. ఆమె యంత్రంతో గిటార్‌ను తడిమి, "చెక్క అసలుది, ధ్వనిని పట్టే పికప్ నకిలీ" అంది.

"నకిలీ ఏంటమ్మా? పాతది కాలిపోతే మా ఆవిడ సలోమి చేత్తో తీగ చుట్టింది. ఆవిడ పోయినా అది మోగుతూనే ఉంది."

"కంపెనీ పికప్ ఇప్పుడే ఈ యంత్రంతో అచ్చువేసి బిగిస్తా అంకుల్. లేదంటే గిటార్ పట్టుకుపోవాలి."

"ఇవాళ పుట్టేది అసలుదా? మా ఆవిడ చుట్టింది నకిలీదా? తియ్యనివ్వను. నన్నూ కలిపి పట్టుకుపో."

అమ్మాయి యంత్రం ఆపేసింది. "ఇంట్లో ఎవరూ లేరని చెబుతా. రేపు ఇంకొకరొస్తారు."

"రానీ. వాళ్లకీ వినిపిస్తా."

ఆ సాయంత్రం దేవదానం వీధి తలుపు బార్లా తెరిచి, పేటంతా వినేలా వాయించాడు. పడుకునే ముందు తలుపు మెల్లగా మూశాడు.