చల్లారని చెంప

అమ్మది మిగిలిన ఒక్క ఫొటో కూడా వెలిసిపోతోందని, ఆ రాత్రి బాబాయి తన ప్రింటింగ్ షాపులో దాన్ని కాగితం మీద ప్రింటు తీశాడు. రంగు పీల్చుకునేలా యానోడైజ్ చేసిన అల్యూమినియం రేకుపై బోర్లించి, వేడి ప్రెస్సులో అదిమాడు. రంగులన్నీ రేకులోకి ఇంకాయి.

"చల్లారేదాకా ముట్టుకోకు. మీ అమ్మలాగే నీకూ తొందరెక్కువ," అన్నాడు.

ప్రెస్సు ఆపేశాక షాపంతా నిశ్శబ్దమైంది. కాసేపటికి రేకు అంచులు చల్లబడ్డాయి. అమ్మ చెంప దగ్గర మాత్రం వెచ్చగానే ఉంది. చెయ్యి తీసి మళ్లీ పెట్టాను. ఇంకొంచెం వెచ్చబడింది.

"ఇంకా చల్లారలేదా? ఇలా తే, నీళ్లలో ముంచుదాం." బాబాయి బకెట్టు దగ్గరికి లాగాడు.

అమ్మ పోయింది నీళ్లలో మునిగే.

రేకును గుండెకు హత్తుకుని, "చల్లారింది బాబాయ్," అని అబద్ధం చెప్పాను.

నా గుండె మీద ఎవరో బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలారు.