మెట్లాయన

“మీ ఇంట్లో బ్యాటరీ ఎక్కడ పెట్టారమ్మా?”

గేటు దగ్గర నిలబడ్డ మనిషి అడిగిన మొదటి మాట అది.

టైలరమ్మ మిషను ఆపి తలెత్తి చూసింది.

అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. భుజాల దగ్గర వదులు, మెడ దగ్గర బిగుతు. కుట్టినవాళ్ళెవరో గానీ కసి తీర్చుకున్నారు అనుకుంది.

“ఎందుకండీ?”

“మెట్ల కింద పెట్టారేమోనని.”

మెట్ల కిందే ఉంది. కరెంటు పోయినా ఆమె మిషన్లు ఆగకుండా నడిపించే పెద్ద బ్యాటరీ అది. ఇంకెక్కడ పెడుతుంది? కింద గది నిండా బట్టల మూటలే. పైగదిలో మోకాళ్ళ నొప్పులతో మంచం దిగని అత్తగారు. పైకైనా కిందికైనా ఆ మెట్లే దారి.

“కొత్తది అమ్మడానికి వచ్చారా? మాకొద్దు.”

“అమ్మడానికి కాదమ్మా. మెట్ల కింద వద్దని చెప్పడానికి. పెరట్లోకి మార్చండి. అక్కడ అంటుకుంటే పైవాళ్ళకి దిగే దారుండదు.”

“శుభమా అని పని చేసుకుంటుంటే ఇవేం మాటలండీ!”

మొహం మీదే తలుపు వేసేసింది.

వీధిలో అందరిళ్ళకీ వెళ్ళి ఇదే అడిగాడని సాయంత్రానికి తెలిసింది. అప్పటికే ఆయనకి పేరు కూడా పెట్టేశారు, మెట్లాయన అని.

“మా ఇంటికి మెట్లే లేవండీ అన్నాను వదినా. ‘అదృష్టవంతులు బాబూ’ అని వెళ్ళిపోయాడు!” పక్కింట్లో ఉండే మరిది పడీ పడీ నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి భుజాన పనిముట్ల సంచీ ఉంది.

“డబ్బులేం వద్దమ్మా. నేనే మార్చి పెడతాను. గంట పని.”

ఊరికే చేస్తాననేసరికి ఆమెకి అనుమానం ముదిరింది. ఇల్లంతా ఓ కన్నేసి పోవడానికి కాకపోతే ఎవరొస్తారిలా? అసలే ముక్కు మీద కోపం. ఆ రోజు ఇవ్వాల్సిన స్కూలు యూనిఫారాలు ఇంకా కత్తెర దగ్గరే ఉన్నాయి.

“ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ సంగతి మీకెందుకండీ? ముందు మీ ఇల్లు మీరు చూసుకోండి!”

వీధంతా వినపడేలా అరిచింది.

ఆయన సంచీ భుజాన సర్దుకున్నాడు.

“నిజమేనమ్మా,” అన్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పైనుంచి అత్తగారు అంతా విన్నది.

“పోనీ మార్చి పారెయ్యవే. ఆ మనిషి గొంతు వింటే ఊరికే అంటున్నట్టు లేదు.”

“మీరు కూడానా అత్తయ్యా!”

“దిగలేనిదాన్ని నేను కదటే!”

రోజూ ఇదే పాట. ఆ పోరు పడలేక షాపువాళ్ళని పిలిచి, బ్యాటరీని పెరటి గోడ దగ్గర రేకుల కిందికి మార్పించింది. మెట్లాయన చెప్పాడని మాత్రం కాదు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం పెరట్లో ఏదో బుస్సుమంది.

పరుగెత్తి చూసేసరికి తెల్లటి పొగ, దాని వెనకే మంట. మరిది ఫోన్ చేస్తే ఫైరింజను వచ్చింది. రేకులు వంకర్లు పోయాయి, గోడ నల్లబడింది. మంట ఇంట్లోకి మాత్రం రాలేదు.

అంతా చల్లారాక పెద్ద ఫైర్‌మన్ లోపలికొచ్చి, మెట్ల కింద గోడకున్న మేకుల గుర్తులు చూశాడు.

“ముందు ఇక్కడుండేదా?”

పైనుంచి అత్తగారి దగ్గు వినిపించింది. ఆయన మెట్ల వైపు చూశాడు.

“ఎవరు మార్చమన్నారమ్మా?”

“ఎవరో... మెట్లాయన అంటారు.”

“ఆయనా!” ఫైర్‌మన్ టోపీ తీశాడు. “రైలు గేటు అవతల, చివరి వీధి. వీలైతే ఒకసారి వెళ్ళి చెప్పండి. సంతోషిస్తాడు.”

టైలరమ్మకి పని మీద చెయ్యి ఆడలేదు. ఎంత మాట అన్నాను! గేటు దాటి నీడలోకి కూడా రమ్మనలేదు. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు.

ఉన్నవాటిలో మంచి గుడ్డ తీసి ఆయనకో చొక్కా కుట్టింది. కంటి కొలతే. పొడుగు చేతులే పెట్టింది.

చివరి వీధిలో ఒక పెద్దావిడ దుప్పట్లు ఆరేస్తోంది.

“పెద్దమ్మా, బ్యాటరీల గురించి ఇంటింటికీ తిరిగి చెబుతాడే, ఆయనిల్లెక్కడ?”

పెద్దావిడ ఎదురుగా చూపించింది.

అక్కడ ఇల్లు లేదు. మసిబారిన గోడలున్నాయి. వాటి మధ్య, పైన గది లేని మెట్లున్నాయి.

ముందు మీ ఇల్లు మీరు చూసుకోండి. తను అన్న మాట తన చెవిలోనే మోగింది.

“ఆయనేరి?”

“మొన్నటి దాకా రోజూ వచ్చి ఆ మెట్ల మీద కూర్చునేవాడు. ఇప్పుడు వేరే ఊరెళ్ళిపోయాడు. అక్కడా ఇళ్ళుంటాయి కదా పెద్దమ్మా అన్నాడు.”

“ఏ ఊరు?”

“చెప్పలేదు తల్లీ.”

టైలరమ్మ చొక్కా పొట్లాన్ని గుండెకి అదుముకుంది.

“ఆ ఇంట్లో ఎవరుండేవాళ్ళు?”

“పైగదిలో భార్య, కూతురు. ఆయన పని నుంచి వచ్చేసరికే మెట్లు మండుతున్నాయి. అయినా ఎక్కబోయాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.”

టైలరమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“పైన మనుషులుంటే, మెట్ల కింద బ్యాటరీ బిగించినవాడెవడు పెద్దమ్మా? వాడికి బుద్ధుండక్కర్లేదా?”

ఆరేయబోయిన దుప్పటి పెద్దావిడ చేతిలోనే ఉండిపోయింది.

“బ్యాటరీలు బిగించడమే ఆయన పని తల్లీ. ఊళ్ళో అందరికంటే ముందు, ఆ మెట్ల కింద, తన చేతులతోనే బిగించుకున్నాడు.”