చప్పుడు మారగానే

చెమటతో తడిసిన ముసలాయన కర్ర ఊతంతోని కుంటుకుంట వచ్చిండు. ఆపరేషన్ గది ముందర, ఆమని పక్క కుర్చీల కూలబడ్డడు.

ఉప్పల్‌ల చిన్న దవాఖానా అది. బయట సకల జనుల సమ్మె. బస్సుల్లేవు.

"మల్లాపూర్ నుంచి నడిసే వచ్చిన బిడ్డా. జర నీళ్లుంటె ఇయ్యి."

ఆమని సీసా ఇచ్చింది. ఆయన గోళ్లల్ల గ్రీజు చూసి, సంచి మాత్రం ఇంకో పక్కకు జరుపుకున్నది.

లోపల ఆమె తల్లి శ్యామలాదేవి. తుంటి కీలు అరిగింది, మారుస్తున్నరు. తల్లి తప్ప ఆమనికి ఇంకెవరూ లేరు.

సుత్తి చప్పుడు మొదలైంది.

దబ్. దబ్.

ఆమని దిగ్గున లేచింది. "ఏంటది? అమ్మని సుత్తితో కొడుతున్నారా?"

"కూసో బిడ్డా, ఫికర్ జెయ్యకు. తొడబొక్కల రాడ్ దింపుతున్నరు. దీనికి సిమెంట్ పెట్టరు, బొక్కనే పట్టుకోవాలె. వదులైతె రాడ్ కుంగుతది. బిగువెక్కువైతె బొక్క పలుగుతది."

"ఎముక పగులుతుందా?"

"సప్పుడు ఇను. అదే జెప్తది."

దబ్. దబ్. దబ్.

ఆమని కూసొని, రెండు చేతులతోని సంచిని అదిమి పట్టుకున్నది. ముసలాయన వాటి మీద తన చెయ్యి పెట్టిండు. ఆకురాయి లెక్క గరుకుగ ఉన్నది. ఆమె గుంజుకున్నది.

"మీరేమన్నా డాక్టరా?"

"ఫిట్టర్‌ను. షాఫ్టులకు బేరింగులు సుత్తితోని కొట్టి ఎక్కిస్త."

"మా అమ్మేం మిషన్ కాదు!"

ముసలాయన బోసినోటితోని నవ్విండు. అంతల్నే చెవి నిక్కబొడిచిండు.

టంగ్.

ఒక్క ఉదుటున లేచి తలుపును కర్రతోని ఠప్పున కొట్టిండు.

"బస్! సాలు!"

సుత్తి ఆగింది.

ఆమనికి ఒళ్లు మండింది. "బుద్ధుందా? లోపల ఆపరేషన్ జరుగుతోంది! వాచ్‌మన్!"

వాచ్‌మన్ నరేందర్ ఉరికొచ్చిండు. నౌకరీల చేరి మూడు దినాలే. "ఏంది తాతా నీ లొల్లి? సమ్మె రోడ్డు మీద జేస్కో, నడు."

ముసలాయన కర్ర సవరించుకున్నడు.

"పోత తీ. నా పనైంది." మెట్ల కాడ ఆగి వెనక్కి చూసిండు. "మీ అమ్మ మంచిగ నడుస్తది బిడ్డా."

ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లూ ఆనిచ్చుకుంట దిగిపోయిండు.

కాసేపటికి డాక్టర్ వంశీకృష్ణ బయటికొచ్చిండు. ముఖంల వెలుగు.

"అమ్మగారికి రాడ్ చక్కగా కూర్చుందమ్మా. వెంట్రుకవాసి సందు లేదు."

ఆమని ఏడ్చేసింది. దండం పెట్టింది.

డాక్టర్ ఆ దండం చూడలే. ఖాళీ కుర్చీ చూస్తున్నడు.

"బుచ్చిరాములు మామ ఏడీ?"

"ఆ కుంటాయనా? తలుపు బాదాడండీ. వాచ్‌మన్‌తో గెంటించేశాను."

డాక్టర్ కిటికీ దగ్గరికి ఉరికిండు. కింద రోడ్డు నిండ జెండాలు, జనం. కర్ర పట్టుకున్న మనిషి ఎక్కడా కనవడలే.

"చప్పుడు వినడానికి ఆయన్ను నేనే రమ్మంటాను. నా మొదటి ఆపరేషన్ ఆయనదేనమ్మా," అన్నడు డాక్టర్, కిటికీ వదలకుండ. "నడుముకే మత్తిచ్చాం, మెలకువగానే ఉన్నాడు. చప్పుడు మారడం నాకన్నా ముందు ఆయనే విన్నాడట. చదువుకున్న డాక్టరుకి నేను చెప్పేదేంటని నోరు మూసుకుని పడుకున్నాడు... నేను ఇంకో దెబ్బ కొట్టాను."