వెంగమాంబ కాలేయం

వెంగమాంబ కళ్లు పచ్చబడి నెల దాటినా కారణం ఏ పరీక్షకూ చిక్కలేదు. ఊళ్లో సగంమంది తొట్టిలో పెంచిన కాలేయాలతోనే తిరుగుతున్నారు కాబట్టి ఆసుపత్రివాళ్లు ఆమెకూ ఒకటి సిద్ధం చేసి ఉంచారు.

"జబ్బేందో చెప్పకుండా నాది తీసేస్తారా?" అని ఆమె మొండికేసింది.

ఆఖరి ప్రయత్నంగా ఆవగింజంత కెమెరా మింగించారు. అది పైత్యనాళం గుమ్మం దగ్గర కాచుకుని కూర్చుంది. కొవ్వు తింటేనే పైత్యం కదిలి ఆ గుమ్మం తెరుచుకుంటుంది. పూటపూటా కొవ్వు బిళ్లలిచ్చినా తెరుచుకోలేదు.

"సాయంత్రంలోగా తేలకపోతే కొత్తది పెట్టేస్తామమ్మా," అంది వాళ్లింటి గోడమీది తెరలోంచి డాక్టరమ్మ.

వెంగమాంబ, తన మొగుడు బ్రహ్మయ్య వంక ఓరగా చూసి, చెంగుముడి విప్పింది. బిళ్లలన్నీ అందులోనే ఉన్నాయి.

"పచ్చకామెర్లకి నూనెచుక్క తగలకూడదని మా అమ్మ చెప్పిన పత్యం," అని నసిగింది.

"నీ పత్యం పాడుగాను. నోరు తెరువు," అంటూ బ్రహ్మయ్య వేడన్నంలో గోంగూర పచ్చడి, వెన్నముద్ద కలిపి తినిపించాడు.

కాసేపటికి తెరమీది కెమెరా బొమ్మలో గుమ్మం తెరుచుకుని బంగారురంగు పైత్యం పొంగింది. దాంతోపాటే ఒక సన్నని పొర లేచి నాళానికి అడ్డంపడింది. పైత్యం కదిలితేగానీ కనపడని పొర అది.

"దొరికింది. దాన్ని కత్తిరిస్తే చాలు, మీ కాలేయం మీకే ఉంటుంది," అంది డాక్టరమ్మ.

అప్పుడే పక్కింటి సౌభాగ్యం వాకిట్లోంచి తొంగిచూసింది. "కొత్తదెప్పుడు పెడతన్నారు పిన్నీ?"

వెంగమాంబ నిటారుగా కూర్చుని, పచ్చని కళ్లు పెద్దవి చేసింది.

"నాది మా అమ్మ కడుపులో పెరిగిందే. తొట్టి సరుకు నాకెందుకు? ఏమయ్యా, ఇంకో ముద్ద కలుపు."