ఏడో మనిషి

"అరగంటేనమ్మా. ఎదురుగా బారుంది, నీడలో కుర్చీలుంటాయి. చల్లగా ఒర్చాతా తాగుతూ కూర్చో. ఇంటావిడ తాళాలిచ్చి వెళ్ళిపోగానే పైకి వచ్చేద్దువుగాని."

అన్సెల్మో ఈ మాట చెప్పడం మూడోసారి. తల్లి కాసిల్దా బంగాళాదుంపల తొక్కు తీయడం ఆపలేదు.

"దొంగసరుకునా నేను, సందు చూసి లోపలికి చేరవెయ్యడానికి?"

ఆగస్టులో పదిహేను రోజులకు గాందియాలో సముద్రం కనిపించే ఇల్లు దొరకడమే గొప్ప. కోడలు నూరియా తన పేరున మాట్లాడి ఖాయం చేసింది. కానీ ఇంటావిడ అంపారో ఒక షరతు పెట్టింది. ఆరుగురికి మించకూడదు. పేర్లు ముందే పంపాలి. గుమ్మంలో ఆ పేర్లు చదివి, తలలు లెక్కపెట్టుకున్నాకే తాళాలిస్తుందట. వీళ్ళేమో ఏడుగురు.

"ఆ ఆరుగురూ ఎవరో చెప్పు," అంది కాసిల్దా.

"నేను, నూరియా, కందేలా, కవలలిద్దరూ..." అన్సెల్మో గొంతు సవరించుకున్నాడు. "ఇకేర్."

ఇకేర్ పెద్దమనవరాలు కందేలా స్నేహితుడు. మాడ్రిడ్‌లోని ఈ ఇంట్లో అతను మొదటిసారి అడుగుపెట్టి మూడు నెలలైంది.

"బాగుంది. మొన్న పరిచయమైన కుర్రాడికి మంచం. నిన్ను కన్నదానికి బారులో కుర్చీ."

"అతను బయటివాడమ్మా. రమ్మని పిలిచి బారులో కూర్చోబెడితే ఏం బాగుంటుంది? నువ్వు సొంతమనిషివి. సర్దుకుపోతావు."

"డెబ్బై ఎనిమిదేళ్ళుగా సర్దుకుంటూనే ఉన్నాను. ఇంక సర్దుకోడానికి నా దగ్గరేం మిగల్లేదు."

ఉల్లిపాయలు తరుగుతున్న నూరియా తలెత్తకుండానే అంది. "అంత కష్టమనిపిస్తే ఈ ఏడాదికి మీ చెల్లెలింట్లో ఉండొచ్చు కదా అత్తయ్యా."

కాసిల్దా కత్తి బల్లమీద పెట్టింది.

"వస్తాను. ముందు గుమ్మంలోంచే వస్తాను. ఆవిడ తలలు లెక్కపెడుతుందన్నారుగా, నా తల ఆవిడకు బాగా కనపడాలి."

"ఏడో తల కనపడితే తాళాలివ్వదమ్మా. ఎవరో ఒకరు బయట ఆగాల్సిందే."

"ఎవరో ఒకరు."

"అవును." తల్లి మెత్తబడుతోందనుకుని అన్సెల్మో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అంతా ఆలోచించి పెట్టాను. ఆవిడ అటు వెళ్ళగానే రెండో అంతస్తు బాల్కనీ మీద ఎర్ర తువ్వాలు ఆరేస్తాం. అది కనపడిందంటే ఇంక భయం లేదు, నువ్వు వచ్చేయడమే."

కాసిల్దా కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"సొంతమనిషైతే సర్దుకుపోవాలి. అంతేనా?"

"అంతేనమ్మా."

"సరే. నీ మాటే కానీ."

ఇంత సులువుగా తేలిపోతుందని అన్సెల్మో అనుకోలేదు. తల్లి మనసు మార్చుకునేలోపల అక్కడినుంచి లేవడం మంచిదనిపించింది. బల్ల చివర కూర్చున్న కందేలాకు తన ఫోను అందించాడు.

"ఆవిడకు పేర్లు నువ్వే పంపించు. ఆరే, గుర్తుందిగా?"

"గుర్తుంది నాన్నా," అంది కందేలా.

అతను బండి చక్రాల్లో గాలి చూసుకోవడానికి కిందికి వెళ్ళాడు.

ఆగస్టు ఒకటిన మధ్యాహ్నానికి గాందియా చేరారు. బారు అతను చెప్పినచోటే ఉంది. నీడలో కుర్చీలు కూడా ఉన్నాయి. ఇంటి గుమ్మంలో అంపారో కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, చేతిలో కాగితంతో నిలబడి ఉంది.

"అమ్మా, అదిగో బారు," అన్నాడు అన్సెల్మో గొంతు తగ్గించి.

కాసిల్దా బండి దిగింది. గౌను ముడతలు దులుపుకుంది. పెదవులకు రంగు అద్దుకుంది. బారు వైపు చూడనైనా చూడకుండా తిన్నగా గుమ్మంవైపు నడిచింది.

"అమ్మా... అమ్మా..." రెండు చేతుల్లో రెండు పెట్టెలతో అన్సెల్మో వెనకాల పరుగెత్తాడు.

అంపారో అందరినీ ఒకసారి చూసి కాగితం పైకెత్తింది. "పిలిచినవాళ్ళు లోపలికి రండి. కాసిల్దా."

"నేనే." బడిలో పిల్లలా చెయ్యెత్తి, కాసిల్దా గడప దాటింది.

తర్వాత నూరియాను పిలిచింది. కందేలాను, కవలలిద్దరినీ పిలిచింది. చివరికి ఇకేర్‌ను పిలిచి కాగితం మడిచింది.

"ఆరుగురు. లెక్క సరిపోయింది." కళ్ళజోడు మీదుగా అన్సెల్మోను ఎగాదిగా చూసింది. "మరి ఈయనెవరు?"

నూరియా కవలల టోపీలు సర్దడంలో పడింది. కందేలా వంగి చెప్పు పట్టీ సరిచేసుకోసాగింది.

"మా అబ్బాయి. మమ్మల్ని దింపడానికి వచ్చాడు," అంది కాసిల్దా. "పెట్టెలు అక్కడ పెట్టు నాయనా. ఎండలో బండి నడిపావు, కాసేపు ఆ బారులో కూర్చో. ఒర్చాతా చల్లగా ఉంటుందట. సొంతమనిషివి, సర్దుకుపోతావు."

తాళాలింకా అంపారో గుప్పిట్లోనే ఉన్నాయి. అన్సెల్మో పెట్టెలు దించి రోడ్డు దాటాడు.

మొదటి గ్లాసు అయ్యేసరికి అంపారో చేతిసంచి ఊపుకుంటూ బయటికి వచ్చింది. అతన్ని చూసి తల పంకించి, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. అన్సెల్మో ఆత్రంగా తలెత్తాడు. బాల్కనీ మీద ఏమీ లేదు. రెండో గ్లాసూ అయింది. మూడోది తెమ్మన్నాడు.

అప్పుడు బాల్కనీ తలుపు తెరుచుకుంది. ఒక చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ, ఇంకో చేత్తో ఎర్ర తువ్వాలు పట్టుకుని తల్లి బయటికి వచ్చింది. హమ్మయ్య అనుకుని అన్సెల్మో లేచి నిలబడ్డాడు.

కాసిల్దా ఆ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పరిచింది. దానిమీద తీరిగ్గా కూర్చుని, కొడుకు తల మీదుగా సముద్రంవైపు చూడసాగింది.