దొర గీసిన చర్చి

"ఈయన కట్టిన వాటిల్లో మన చర్చి లేదు అంకుల్," అంది పర్సిస్, లాప్‌టాప్‌ని సామ్యూల్ వైపు తిప్పుతూ.

సామ్యూల్‌కి అర్థం కాలేదు. అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఉండే తెలుగువాళ్ళంతా కలిసి సొంతంగా చర్చి కట్టుకుందామనుకున్నప్పుడు, ఆంధ్రాలో తన సొంతూరు కొత్తలంకలో తను బాప్తిస్మం తీసుకున్న చర్చి లాంటిదే కట్టాలని పట్టుబట్టింది ఆయనే. దాన్ని విలియం థార్న్‌బీ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ గీశాడని కొత్తలంకలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. పేరున్న దొర గీశాడన్న ఒక్క మాట మీదే కమిటీలో సగంమంది ఒప్పుకున్నారు. సెక్రటరీ లూసీ మాత్రం దానికి రుజువుగా కాగితం చూపించమంది. లేకపోతే మామూలు హాలు కట్టేద్దామంది. ఇంకో గంటలో ఓటింగ్.

పర్సిస్ ఇక్కడే పుట్టి పెరిగి ఆర్కిటెక్ట్ అయింది. ఆ కాగితం కోసమే ఇంగ్లండ్‌లో థార్న్‌బీ ఊరి లైబ్రరీకి మెయిల్ పెట్టింది. వాళ్ళు ఆయన జీవితచరిత్ర, కట్టినవాటి లిస్టు పంపించారు. నలభై ఏళ్ళు ఆ చుట్టుపక్కలే పనిచేశాడట. బడులు, పశువుల కొట్టాలు, ఒక జైలు. ఓడెక్కింది లేదు, ఇండియాకి గీసి పంపింది లేదు. చివరికి 1871లో ఒక చర్చి కట్టాడు. దాంతో పేరు మోగిపోయింది.

దాని ఫోటో చూసి సామ్యూల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అదే గంట గోపురం. అవే మూడు కమానులు.

"ఇది మన చర్చే కదమ్మా?"

"కాదంకుల్, వాళ్ళ ఊళ్ళోది. మనది 1866లో కట్టారు. ఇది ఐదేళ్ళ తర్వాత."

ముందు మనకి గీసిచ్చి, తర్వాత అక్కడ కట్టుకున్నాడేమో అన్నాడాయన. అలాగైతే లిస్టులో ఉండాలి కదా అంది పర్సిస్. కొత్తలంకలో పనిచేసిన మిషనరీ దొరదీ అదే ఊరని మాత్రం తేలింది. పర్సిస్‌కి ఇంకోటి కూడా మింగుడుపడటం లేదు. ఇంగ్లండ్‌లో చర్చికి రెండుపక్కలా అంత వెడల్పు వరండాలెందుకు? అక్కడ ఎండే ఉండదు. ఎవరికీ తట్టని ఊహ అని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ పొగుడుకుంటారట.

సామ్యూల్‌కి తల తిరిగిపోయింది. థార్న్‌బీ తమకు గీశాడా, గీయలేదా? గీయకపోతే ఒకే చర్చి రెండు దేశాల్లో ఎలా లేచింది?

లూసీ గుమ్మంలోకి వచ్చి, కాగితం దొరికిందా అని అడిగింది. ఆయన పర్సిస్ వంక చూశాడు.

"థార్న్‌బీ దగ్గరున్న అసలు డ్రాయింగ్‌ని స్కాన్ చేసి పొద్దున్నే పంపారు," అంటూ ఆమె దాని అడుగు మూలని పెద్దది చేసింది. సన్నటి గీతలు, సున్నాలు. "ఇదేదో థార్న్‌బీ అలంకారానికి పెట్టుకున్న డిజైన్ అని వాళ్ళు అనుకుంటున్నారు. నాకేమో మన పాటల పుస్తకంలో అక్షరాల్లా అనిపిస్తోంది. నాకు తెలుగు చదవడం రాదు కదా. మీరు చూస్తారా?"

సామ్యూల్ స్క్రీన్ మీదికి వంగాడు. లూసీ కూడా వచ్చి పక్కన నిలబడింది. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"'పటములో తప్పులున్న యెడల దొరవారు దిద్ది తిరిగి పంపవలెను. ఇట్లు, తాపీ మేస్త్రీ గాబ్రియేలు, కొత్తలంక.'"