గొడవతో సహా ఇల్లు

దగ్గరికి జరగండర్రా, మా చెల్లెలి ఇంటి సంగతి చెబుతాను.

ఇల్లుగలాయన ఆ ఇంటిని అమ్మకానికి పెట్టి, అమ్ముడయ్యేదాకా ఉండండని మా చెల్లెలికీ, దర్జీ పని చేసే మరిదికీ అద్దెకిచ్చాడు. అమ్ముడైతే వీళ్ళు రోడ్డున పడాలి. అందుకే ఎవరైనా చూడడానికి వస్తే చాలు, మొగుడూ పెళ్ళాలు పైకప్పు ఎగిరిపోయేలా దెబ్బలాట మొదలుపెట్టేవాళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పారిపోయేవారు.

ఒకరోజు ఇల్లుగలాయన ముసలి దంపతుల్ని తీసుకొచ్చాడు. చెల్లెలు వెంటనే పళ్ళెం విసిరింది.

"నీ కుట్టుమిషనుకున్న బుద్ధి నీకు లేదు!"

"నీ నోటికి కుట్లెయ్యడానికి ఆ మిషను చాలదే!"

ముసలావిడ పారిపోలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఊఁ, తర్వాతేమైందమ్మా?"

ఇద్దరూ తెల్లబోయారు.

"ఇల్లు మేం కొంటున్నాం," అన్నాడు ముసలాయన. "పై గదిలో మేముంటాం. కింద వీళ్ళే ఉండాలి. మా ఇద్దరికీ మాటలైపోయి ఏళ్ళయింది బాబూ, గోడలు కూడా ఆవులిస్తున్నాయి."

సంతోషంలో మరిది నోరు జారాడు. "ఇల్లు దక్కిందే! ఇక మనకీ నాటకాలక్కర్లేదు!"

చెల్లెలు నవ్వలేదు. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నాటకమే అయితే, నన్ను తిట్టే మాటలన్నీ తడుముకోకుండా ఎలా వచ్చేవి నీకు?"

మరిది మెల్లగా కుట్టుమిషను వెనక్కి జరిగాడు.

"రండి రండి," అని ముసలావిడ మొగుణ్ణి పిలిచింది. "అసలుది ఇప్పుడు మొదలైంది!"

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండర్రా. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చున్నచోట మాత్రం చెప్పకండి.